న్యూయార్క్ శివార్లలో టౌన్, విలేజ్, హ్యామ్లెట్: మీ ఇల్లు అసలు ఏ ఊళ్లో ఉన్నట్టు?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, ఇదే టెన్షన్‌తో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి. లాంగ్ ఐలాండ్‌లో మీరు ఒక ఇల్లు చూశారు. లిస్టింగ్‌లో (అమ్మకం ప్రకటనలో) అడ్రస్ న్యూ హైడ్ పార్క్, జిప్ కోడ్ 11040. పన్ను కాగితం మీద టౌన్ ఆఫ్ నార్త్ హెంప్‌స్టెడ్ అని ఉంది, విలేజ్ పన్ను ఎక్కడా కనిపించలేదు. సెన్సస్ మ్యాప్‌లో చూస్తే మన్‌హాసెట్ హిల్స్ అని వచ్చింది. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ చుట్టుపక్కల బడులను నడిపే సంస్థ) హెరిక్స్. ఒక స్నేహితుడు "అది విలేజ్, మేయర్ కూడా ఉన్నాడు" అన్నారు, ఏజెంట్ "కాదు, హ్యామ్లెట్" అన్నారు. ఇందులో ఏది నిజం, ఏది దేనికంటే పెద్దది, న్యూజెర్సీలో మీ తమ్ముడి వాళ్లది టౌన్‌షిప్ అంటున్నారే అది మళ్లీ ఏమిటి అని అడిగారు.

మీరిచ్చిన వివరాలను బట్టి ఆ ఇల్లు నస్సా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), టౌన్ ఆఫ్ నార్త్ హెంప్‌స్టెడ్‌లో ఉంది. ఏ విలేజ్ హద్దులోనూ లేదు. మన్‌హాసెట్ హిల్స్ అనేది అక్కడి హ్యామ్లెట్ పేరు. న్యూ హైడ్ పార్క్ మీ పోస్టాఫీసు పేరు. మీ స్నేహితుడు చెప్పిన మేయర్ కూడా నిజంగానే ఉన్నారు, కాకపోతే ఆయన విలేజ్ ఆఫ్ న్యూ హైడ్ పార్క్‌కు మేయర్. మీ ఇంటి మీద ఆయనకు ఏ అధికారమూ ఉండదు. మీ స్నేహితుడు, ఏజెంట్ ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. చెరో పేరు పట్టుకుని మాట్లాడారు.

నేను చాలా ఏళ్లుగా ఈ ప్రాంతపు స్థలాల మ్యాపులు, పన్ను రికార్డులతోనే పని చేస్తున్నాను. మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఒక ఇంటికి ఒకే ఊరు ఉంటుందనుకుంటారు. ఇక్కడ ఒకే ఇంటికి నాలుగైదు పేర్లు ఉంటాయి, ఒక్కో పేరు ఒక్కో సంస్థది. ఏ పేరు కనిపించినా "ఇది ఎవరు పెట్టుకున్న పేరు, దేనికోసం" అని అడిగితే చాలావరకు విడిపోతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

న్యూయార్క్ రాష్ట్రం మొత్తం 62 కౌంటీలు. వాటిలో అయిదు న్యూయార్క్ సిటీలోని అయిదు బరోలే (ఆ నగరంలోని పెద్ద విభాగాలు). మిగిలిన కౌంటీల్లో భూమంతా టౌన్లుగానో సిటీలుగానో పంచి ఉంటుంది. ఆదివాసీ రిజర్వేషన్లను మినహాయిస్తే, రాష్ట్రంలో ప్రతి మనిషీ ఏదో ఒక సిటీలోనో టౌన్‌లోనో ఉండి తీరాలి. సిటీలు 62, టౌన్లు 900కు పైగా. టౌన్ అనగానే దుకాణాలు, బజారు ఉన్న పట్టణాన్ని ఊహించుకోవద్దు. మన దగ్గర మండలం ఎలా ఉంటుందో టౌన్ అలాంటిది: ఒక పెద్ద ముక్క, అందులో ఇళ్లుంటాయి, పొలాలుంటాయి, అడవీ ఉండొచ్చు. దాన్ని నడిపేది టౌన్ బోర్డు, దానికి పెద్ద సూపర్‌వైజర్. మేయర్ ఉండరు.

విలేజ్ ఈ టౌన్ లోపల పుడుతుంది. టౌన్‌లో ఒకచోట ఉన్న జనం "మాకు వీధి దీపాలు, నీళ్లు, రోడ్లు, ఇళ్ల నిబంధనలు మేమే చూసుకుంటాం" అని చట్టప్రకారం ఓటు వేసి ఏర్పాటు చేసుకున్న స్థానిక ప్రభుత్వం అది. దానికి మేయర్, ట్రస్టీల బోర్డు ఉంటాయి. విలేజ్ ఏర్పడినంత మాత్రాన ఆ స్థలం టౌన్‌లోంచి బయటికి పోదు. విలేజ్‌లో ఉన్నవాళ్లు టౌన్‌కు కూడా పౌరులే, రెండింటికీ పన్ను కడతారు, రెండు ఎన్నికల్లోనూ ఓటు వేస్తారు. సిటీ అలా కాదు. సిటీ అయిన చోటు టౌన్ నుంచి పూర్తిగా విడిపోతుంది. విలేజ్‌లు రాష్ట్రంలో 500కు పైగా ఉన్నాయి. ఒక్క నస్సా కౌంటీలోనే 64 విలేజ్‌లు, అవన్నీ మూడే మూడు టౌన్లలో: హెంప్‌స్టెడ్, నార్త్ హెంప్‌స్టెడ్, ఆయిస్టర్ బే. వీటికి తోడు గ్లెన్ కోవ్, లాంగ్ బీచ్ అని రెండు సిటీలు.

ఒక విలేజ్ రెండు టౌన్లలో కూడా పరుచుకుని ఉండొచ్చు. మీ అడ్రస్‌లో పేరున్న న్యూ హైడ్ పార్క్ సరిగ్గా అలాంటిదే. విలేజ్ ఆఫ్ న్యూ హైడ్ పార్క్ 1927లో ఏర్పడింది. అందులో కొంత నార్త్ హెంప్‌స్టెడ్ టౌన్‌లో, కొంత హెంప్‌స్టెడ్ టౌన్‌లో ఉంది. ఫ్లోరల్ పార్క్ కూడా అంతే. కాబట్టి "మాది న్యూ హైడ్ పార్క్" అన్నవాళ్లలో ముగ్గురిని పట్టుకుంటే ఒకరు ఒక టౌన్, ఇంకొకరు ఇంకో టౌన్, మూడోవారు అసలు విలేజ్ బయట కావచ్చు.

ఏది పెద్దది అన్నారు కదా. జనాభాను బట్టి ఈ పేర్లు రాలేదు. హెంప్‌స్టెడ్ టౌన్ జనాభా 2020 లెక్కల్లో 7,93,000 దాటింది. రాష్ట్రంలో న్యూయార్క్ సిటీ తర్వాత పెద్ద సిటీ అయిన బఫెలో జనాభా 2,78,000. అంటే ఒక "టౌన్" రెండో అతిపెద్ద "సిటీ"కి దాదాపు మూడు రెట్లు. ఆ టౌన్ లోపలే హెంప్‌స్టెడ్ అనే పేరుతో ఒక విలేజ్ ఉంది, దాని జనాభా 59,000. ఇంకోవైపు షెరిల్ అనే సిటీలో ఉండేది సుమారు 3,000 మంది. ఒక చోటు సిటీ అయిందా, విలేజ్ అయిందా, ఏదీ కాకుండా ఉండిపోయిందా అన్నది దాని చరిత్రను బట్టి, అక్కడి జనం ఎప్పుడు ఏం అడిగారన్న దాన్ని బట్టి ఉంటుంది. పేరు విని స్థాయి అంచనా వేయొద్దు.

టౌన్లలో మళ్లీ తరగతులున్నాయి: ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్, ఆ పైన చట్టంలో "సబర్బన్ టౌన్" అని ఇంకో రకం. పెద్ద నగరాల పక్కన వేగంగా పెరిగిన టౌన్లకు పాలనలో కొంచెం ఎక్కువ వెసులుబాటు ఇవ్వడానికి 1960లలో ఈ సబర్బన్ టౌన్ ఏర్పాటు తెచ్చారు. తర్వాత స్థానిక ప్రభుత్వాలకు సొంతంగా చట్టాలు చేసుకునే అధికారం బాగా పెరగడంతో ఈ తేడాలకు పదును తగ్గింది. ఇల్లు కొనేవాళ్లు దీని గురించి తల పట్టుకోనక్కర్లేదు.

ఇక హ్యామ్లెట్. న్యూయార్క్ చట్టంలో ఈ మాటకు నిర్వచనం లేదు. విలేజ్‌గా ఏర్పడకుండా టౌన్ పాలనలోనే నేరుగా ఉన్న చోటును జనం, టౌన్ ఆఫీసులు, రోడ్డు బోర్డులు అలా పిలుస్తాయి, అంతే. దానికి మేయర్ లేడు, సొంత పన్ను లేదు, చట్టబద్ధమైన హద్దు కూడా లేదు. చిన్నదన్న అర్థమూ లేదు. మన భారతీయులందరికీ తెలిసిన హిక్స్‌విల్ హ్యామ్లెట్టే. 2020లో అక్కడి జనాభా 43,000 దాటింది, రాష్ట్రంలో ఎన్నో సిటీల కంటే ఎక్కువ. అయినా అక్కడి రోడ్డు గుంతల గురించి అడగాలంటే ఆయిస్టర్ బే టౌన్‌నో కౌంటీనో అడగాలి, ఎందుకంటే హిక్స్‌విల్ ప్రభుత్వం అనేదే లేదు. లెవిట్‌టౌన్ పేరులో టౌన్ ఉంది, అదీ హ్యామ్లెట్టే, హెంప్‌స్టెడ్ టౌన్‌లో భాగం.

హద్దు లేనిదానికి సెన్సస్ మ్యాప్‌లో గీత ఎక్కడినుంచి వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. జనాభా లెక్కల కోసం సెన్సస్ బ్యూరో ఇలాంటి చోట్ల చుట్టూ తనకు అనుకూలంగా ఒక గీత గీసుకుంటుంది. దాన్ని సీడీపీ (సెన్సస్ డెసిగ్నేటెడ్ ప్లేస్) అంటారు. మన్‌హాసెట్ హిల్స్ అలాంటి సీడీపీ. ఆ గీతకు లెక్కల్లో తప్ప బయట విలువ లేదు. మీ పక్కింటాయన తానుండే చోటును హెరిక్స్ అని పిలుచుకున్నా తప్పేమీ లేదు.

విలేజ్ హోదా శాశ్వతం కూడా కాదు. జనం ఓటు వేసి రద్దు చేసుకోవచ్చు. 1848లో మహిళా హక్కుల సమావేశం జరిగిన సెనెకా ఫాల్స్ ఒకప్పుడు విలేజ్. 2011 చివర్లో ఆ విలేజ్ ప్రభుత్వం రద్దయింది, ఊరంతా అదే పేరున్న టౌన్‌లో కలిసిపోయింది. ఇళ్లు, వీధులు, పేరు ఏవీ మారలేదు. మేయర్ పదవి మాత్రం పోయింది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితీ ఉంది. వెస్ట్‌చెస్టర్ కౌంటీలోని స్కార్స్‌డేల్‌ను పక్కనున్న వైట్ ప్లెయిన్స్ కలిపేసుకుంటుందన్న భయంతో 1915లో అక్కడివాళ్లు టౌన్ మొత్తాన్నీ విలేజ్‌గా కూడా ఏర్పాటు చేసుకున్నారు. ఇప్పటికీ అక్కడ టౌన్ హద్దు, విలేజ్ హద్దు ఒకటే.

స్కార్స్‌డేల్ పేరు ఎత్తాను కాబట్టి పోస్టాఫీసు సంగతి ఇక్కడే చెప్తాను, ఎందుకంటే డబ్బు విషయంలో మనవాళ్లు మోసపోయేది ఎక్కువగా దీనివల్లే. జిప్ కోడ్లు 1963లో వచ్చాయి. ఏ ఉత్తరం ఏ పోస్టాఫీసు నుంచి పంచితే సులువో చూసి గీసినవి అవి. ఊళ్ల హద్దులతో వాటికి సంబంధం లేదు. 10583 స్కార్స్‌డేల్ జిప్. ఆ అడ్రస్‌తో ఉన్న ఇళ్లలో చాలా ఇళ్లు స్కార్స్‌డేల్ విలేజ్‌లో లేవు. గ్రీన్‌బర్గ్ టౌన్‌లోని ఎడ్జ్‌మాంట్ హ్యామ్లెట్‌లోనో, ఈస్ట్‌చెస్టర్‌లోనో, న్యూ రోషెల్ సిటీలోనో ఉన్నాయి. పన్ను వేరు, బడి వేరు, అడ్రస్ మాత్రం ఒకటే. లిస్టింగ్‌లో అడ్రస్ రాసినవాళ్లు తప్పు రాశారని అనలేం. దాన్ని ఊరి పేరుగా చదువుకోవడం మాత్రం మనం మానుకోవాలి.

అసలు మీ న్యూ హైడ్ పార్క్ పేరులో "న్యూ" రావడానికి కారణం కూడా పోస్టాఫీసే. ఆ చోటును మొదట హైడ్ పార్క్ అనేవారు. 1871లో పోస్టాఫీసు పెట్టాల్సి వచ్చినప్పుడు డచెస్ కౌంటీలో హైడ్ పార్క్ అప్పటికే ఉంది. ఒకే రాష్ట్రంలో ఒకే పేరుతో రెండు పోస్టాఫీసులుంటే ఉత్తరాలు తారుమారవుతాయి కాబట్టి ముందు న్యూ చేర్చారు. అమెరికాలో ఎన్నో ఊళ్ల పేర్ల వెనక ఉన్నది ఇలాంటి పోస్టాఫీసు అవసరమే.

పేర్లు పెట్టినవాళ్లలో రైల్వేవాళ్లు, బిల్డర్లు కూడా ఉన్నారు. హిక్స్‌విల్ పేరు వాలెంటైన్ హిక్స్‌ది. లాంగ్ ఐలాండ్ రైల్ రోడ్ తొలినాళ్ల అధ్యక్షుల్లో ఆయన ఒకరు. 1834లో అక్కడ భూమి కొన్నారు, 1837లో రైలు అక్కడిదాకా వచ్చింది. లెవిట్‌టౌన్‌ది ఇంకా సూటి కథ. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కుటుంబాల కోసం లెవిట్ కంపెనీ 1947 నుంచి 1951 మధ్య అక్కడ 17,000కు పైగా ఇళ్లు కట్టింది. ఆ చోటు పాత పేరు ఐలాండ్ ట్రీస్. 1948 నుంచి బిల్డర్ పేరే ఊరి పేరయింది. పాత పేరు పూర్తిగా పోలేదు, స్కూల్ డిస్ట్రిక్ట్ పేరుగా మిగిలింది. ఈ రోజుకీ లెవిట్‌టౌన్‌లో కొన్ని వీధుల పిల్లలు లెవిట్‌టౌన్ డిస్ట్రిక్ట్‌కు, ఇంకొన్ని వీధుల పిల్లలు ఐలాండ్ ట్రీస్ డిస్ట్రిక్ట్‌కు వెళ్తారు.

దిక్కులతో వచ్చే పేర్లను కొంచెం జాగ్రత్తగా చదవాలి. గార్డెన్ సిటీ అనేది విలేజ్. 1869లో ఏ.టి. స్టూవర్ట్ అనే వ్యాపారి భూమి కొని మొదలుపెట్టిన ఊరు, ఇప్పటికీ పేరున్న ఊరు. గార్డెన్ సిటీ పార్క్, గార్డెన్ సిటీ సౌత్ అనేవి ఆ విలేజ్‌లో భాగాలు కావు, పక్కనున్న హ్యామ్లెట్లు. నార్త్ న్యూ హైడ్ పార్క్, వెస్ట్ హెంప్‌స్టెడ్ కూడా అలాంటివే. ఒక పేరుకు ముందో వెనకో దిక్కు గానీ, పార్క్, హిల్స్, ఎస్టేట్స్ గానీ తగిలిందంటే, అది అసలు ఊరి బయట ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇందులో చిన్నతనమేమీ లేదు, అక్కడి ఇళ్లు, బడులు చాలా మంచివి కావచ్చు. ఏజెంట్ నోట్లో మాత్రం ఆ చివరి ముక్క తరచూ ఎగిరిపోతుంది, అది గమనించండి.

పరువు కోసం పేర్లు మార్చుకున్న ఊళ్లూ ఉన్నాయి. హడ్సన్ నది ఒడ్డున సింగ్ సింగ్ అనే విలేజ్ ఉండేది. అదే పేరుతో జైలు దేశమంతా తెలిసిపోవడంతో, ఊరివాళ్లు 1901లో విలేజ్ పేరును ఆసినింగ్ అని మార్చుకున్నారు. జైలును మాత్రం ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు. దానికి కొంచెం కిందకు వస్తే నార్త్ టారీటౌన్. అక్కడి జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అదే ఏడాది చివర్లో ఊరివాళ్లు ఓటు వేసి, రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ కథ వల్ల ప్రసిద్ధమైన స్లీపీ హాలో పేరు తెచ్చుకున్నారు. ఈ మార్పులు చట్టబద్ధంగా జరిగాయి, ఎందుకంటే పేరు మార్చుకోవడానికి అక్కడ ఒక ప్రభుత్వం ఉంది. హ్యామ్లెట్‌కు ఆ దారి లేదు. దాని పేరు వాడుకలో నిలిస్తే నిలుస్తుంది, పోతే పోతుంది.

ఒకే పేరు చుట్టూ ఎంత చిక్కు పడొచ్చో తెలియాలంటే రై చూడండి. మొదట టౌన్ ఆఫ్ రై. 1942లో అందులో ఒక భాగం విడిపోయి సిటీ ఆఫ్ రై అయింది. ఆ క్షణం నుంచి అది టౌన్‌లో లేదు. 1982లో టౌన్‌లో మిగిలిన దాంట్లో ఒక భాగం రై బ్రూక్ అనే విలేజ్ అయింది. పోర్ట్ చెస్టర్ విలేజ్ కూడా టౌన్ ఆఫ్ రైలోనే ఉంది. మమారొనెక్ విలేజ్‌లో కొంత భాగం టౌన్ ఆఫ్ మమారొనెక్‌లో, మిగిలింది టౌన్ ఆఫ్ రైలో. "రైలో ఇల్లు" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది "సిటీనా, టౌనా" అని.

ఇక వీటివల్ల మీ చేతికి వచ్చే తేడా. మీరు చూసిన ఇల్లు విలేజ్ బయట ఉంది కాబట్టి రెండు రకాల బిల్లులు వస్తాయి. ఒకటి జనరల్ టాక్స్: కౌంటీ, టౌన్, ఫైర్, నీళ్లు, చెత్త లాంటి స్పెషల్ డిస్ట్రిక్ట్‌ల వాటాలన్నీ అందులో ఉంటాయి, జనవరిలో సగం, జులైలో సగం. రెండోది స్కూల్ టాక్స్, అక్టోబర్‌లో సగం, ఏప్రిల్‌లో సగం. రెండూ టౌన్ రిసీవర్ ఆఫ్ టాక్సెస్ ఆఫీసే వసూలు చేస్తుంది. విలేజ్‌లో ఇల్లయితే వీటికి తోడు విలేజ్ నుంచి ఇంకో బిల్లు విడిగా వస్తుంది, మామూలుగా జూన్‌లో. లిస్టింగుల్లో ఒక్కోసారి ఈ మూడోది కలపకుండా మొత్తం పన్ను చూపిస్తారు. మీ స్నేహితులెవరైనా విలేజ్ లోపల చూస్తుంటే "ఇందులో విలేజ్ టాక్స్ కలిసిందా" అని రాతపూర్వకంగా అడగమనండి.

అలాగని విలేజ్ అంటే ఊరికే అదనపు పన్ను అనుకోవద్దు, ఈ మాట నేను చాలాచోట్ల విన్నాను, అది అన్యాయం. టౌన్ ఖర్చు రెండు రకాలు. టౌన్ మొత్తానికి పెట్టేది ఒకటి, విలేజ్‌ల బయట ఉన్న ప్రాంతానికి మాత్రమే పెట్టేది ఇంకొకటి. ఈ రెండోదాంట్లో విలేజ్‌వాళ్లు వాటా కట్టరు, ఆ పనులు వాళ్ల విలేజే చేసుకుంటుంది కాబట్టి. కొన్ని విలేజ్‌లు చాలా చేస్తాయి. గార్డెన్ సిటీ, ఫ్లోరల్ పార్క్, ఫ్రీపోర్ట్‌లకు సొంత పోలీసులున్నారు. ఫ్రీపోర్ట్, రాక్‌విల్ సెంటర్‌లకు సొంత కరెంటు వ్యవస్థ కూడా ఉంది. హ్యామ్లెట్లలో పోలీసు పని చాలావరకు కౌంటీదే. మంచు పడ్డ రోజున మీ వీధి శుభ్రం చేసే బండి ఎవరిదో, ఫిర్యాదు చేస్తే ఎవరు ఫోన్ ఎత్తుతారో ఈ తేడాను బట్టే ఉంటుంది. చిన్న విలేజ్‌లో మేయర్‌ను సమావేశంలో నేరుగా కలిసి మాట్లాడొచ్చు. లక్షల జనాభా ఉన్న టౌన్‌లో అది అంత సులువు కాదు.

ఇళ్ల నిబంధనలు ఇంకా ముఖ్యం. నస్సాలో 1920లు, 30లలో గుంపులు గుంపులుగా విలేజ్‌లు పుట్టడానికి పెద్ద కారణం జోనింగ్. తమ చుట్టూ ఎలాంటి ఇళ్లు, ఎంత స్థలంలో రావాలో తామే నిర్ణయించుకోవాలని అక్కడివాళ్లు కోరుకున్నారు. ఈ రోజు దాని ఫలితం మీ మీద ఇలా పడుతుంది: మీరు చూసిన ఇంట్లో బేస్‌మెంట్ బాగు చేసి ఉందనుకోండి, వెనక డెక్ కట్టి ఉందనుకోండి. దానికి పర్మిట్ ఉందా లేదా అన్నది నార్త్ హెంప్‌స్టెడ్ టౌన్ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో చూడాలి. న్యూ హైడ్ పార్క్ విలేజ్ హాల్‌లో అడిగితే అసలు రికార్డే ఉండదు, "ఏమీ లేదన్నారు కాబట్టి గొడవ లేదు" అనుకుని వచ్చేస్తే క్లోజింగ్ (ఇల్లు మీ పేరుకు మారే రోజు) దగ్గర ఇబ్బంది పడతారు. అడ్రస్ చూసి తప్పు ఆఫీసుకు వెళ్లడం చాలా మామూలుగా జరుగుతుంది.

బడి సంగతి పూర్తిగా వేరే. న్యూయార్క్‌లో శివారు ప్రాంతాల స్కూల్ డిస్ట్రిక్ట్‌లు టౌన్ హద్దుల్ని గానీ విలేజ్ హద్దుల్ని గానీ పట్టించుకోవు. వాటి బోర్డు, బడ్జెట్ ఓటు, పన్ను అన్నీ విడిగా ఉంటాయి. హెరిక్స్ హైస్కూల్ అడ్రస్ న్యూ హైడ్ పార్క్. అయినా న్యూ హైడ్ పార్క్ విలేజ్ పిల్లలు మామూలుగా అక్కడికి వెళ్లరు. వాళ్లకు ప్రాథమిక బడులు న్యూ హైడ్ పార్క్–గార్డెన్ సిటీ పార్క్ డిస్ట్రిక్ట్‌వి, ఆ తర్వాత సెవాన్హాకా అనే సెంట్రల్ హైస్కూల్ డిస్ట్రిక్ట్. అంటే ఒకే పిల్లకు రెండు డిస్ట్రిక్ట్‌లు. ఇలా హైస్కూల్‌కు వేరే డిస్ట్రిక్ట్ ఉండే పద్ధతి రాష్ట్రంలో నస్సా కౌంటీలోనే ఉంది, మూడు చోట్ల. మీరు హెరిక్స్ కోసమే ఈ ఇల్లు చూస్తుంటే, ఆఫర్ పెట్టే ముందే డిస్ట్రిక్ట్ రిజిస్ట్రార్‌కు (బడిలో పిల్లల్ని నమోదు చేసుకునేవారు) వీధి పేరు, ఇంటి నంబరు ఇచ్చి ఖాయం చేసుకోండి. వెబ్‌సైట్లు చూపించే బడి పేరును నమ్మొద్దు. హద్దు ఒక్కోసారి వీధి మధ్యలోంచి పోతుంది. పన్ను బిల్లు మీద స్కూల్ డిస్ట్రిక్ట్ రాసి ఉంటుంది, దాన్నీ అడిగి తీసుకోండి. క్లోజింగ్‌కు ముందు లాయర్ తెప్పించే టైటిల్ రిపోర్ట్‌లో (ఇంటి హక్కుల రికార్డు) ఏ ఏ పన్నులు వర్తిస్తాయో విడివిడిగా ఉంటుంది. ఆ పేజీ ఒక్కటైనా మీరే కూర్చుని చదవండి.

న్యూజెర్సీలో మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఒకరకంగా సులువు. అక్కడ టౌన్ లోపల విలేజ్ అనే పొరలు లేవు. రాష్ట్రమంతా 564 మునిసిపాలిటీలుగా పంచి ఉంది, ప్రతి ఇల్లూ వాటిలో సరిగ్గా ఒకదానిలోనే ఉంటుంది. బరో, సిటీ, టౌన్, టౌన్‌షిప్, విలేజ్ అని అయిదు రకాల పేర్లున్నాయి, అధికారంలో అన్నీ సమానమే. ఎడిసన్ టౌన్‌షిప్‌లో లక్షకు పైగా జనాభా ఉంది. 1954 దాకా దాని పేరు రారిటన్ టౌన్‌షిప్. అక్కడి మెన్లో పార్క్‌లో ప్రయోగశాల నడిపిన థామస్ ఎడిసన్ పేరును అప్పుడు పెట్టుకున్నారు. ఓక్ ట్రీ రోడ్ మీద మనవాళ్లంతా తిరిగే ఐజలిన్ మునిసిపాలిటీ కాదు, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో ఒక భాగం.

అక్కడి పేర్లకు డబ్బుతో కూడా ముడి ఉంది. 1894లో టౌన్‌షిప్ మొత్తానికి ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ ఉండాలని చట్టం వచ్చింది. పక్కవాళ్ల బడి అప్పులు మనమెందుకు మోయాలని జనం విడిపోయి బరోలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. బెర్గన్ కౌంటీలో ఆ ఒక్క ఏడాదే 26 బరోలు పుట్టాయి. 1970లు, 80ల నాటికి గాలి టౌన్‌షిప్‌ల వైపు తిరిగింది. కేంద్ర నిధుల పంపకంలో టౌన్‌షిప్‌లకు మేలు జరుగుతుండటంతో కొన్ని ఊళ్లు పేరులో టౌన్‌షిప్ చేర్చుకున్నాయి. "టౌన్‌షిప్ ఆఫ్ సౌత్ ఆరెంజ్ విలేజ్" అనే విచిత్రమైన పేరు అలా వచ్చిందే.

అక్కడ కూడా పోస్టాఫీసు తికమక తప్పదు. ప్రిన్స్‌టన్ అడ్రస్ ఉన్న ఇళ్లలో చాలా ఇళ్లు సౌత్ బ్రన్స్‌విక్‌లో, ప్లెయిన్స్‌బరోలో, వెస్ట్ విండ్సర్‌లో, లారెన్స్‌లో ఉంటాయి. రైలు స్టేషనున్న ప్రిన్స్‌టన్ జంక్షన్ కూడా వెస్ట్ విండ్సర్‌లో భాగమే. 2013కు ముందు ప్రిన్స్‌టన్ బరో, ప్రిన్స్‌టన్ టౌన్‌షిప్ అని రెండు వేర్వేరు మునిసిపాలిటీలు ఉండేవి, ఆ ఏడాది జనవరి 1 నుంచి ఒకటయ్యాయి. కాబట్టి పాత కాగితాల్లో రెండు పేర్లు కనిపిస్తే కంగారుపడొద్దు. 2023లో అక్షర్‌ధామ్ ప్రారంభమైన రాబిన్స్‌విల్ పేరు కూడా 2008 దాకా వాషింగ్టన్ టౌన్‌షిప్. న్యూజెర్సీలో అదే పేరుతో ఇంకా అయిదు ఉన్నాయి. ఈ గందరగోళం భరించలేక 2007 నవంబర్‌లో ఓటు వేసి, తమ లోపలే ఉన్న చిన్న చోటు పేరును మొత్తానికీ పెట్టుకున్నారు.

మీ తమ్ముణ్ణి పన్ను బిల్లు పైభాగం చూడమనండి. మునిసిపాలిటీ పేరు, దాని కింద ఆ స్థలాన్ని గుర్తించే బ్లాక్, లాట్ నంబర్లు ఉంటాయి. న్యూజెర్సీలో పన్నులు, పర్మిట్లు అన్నీ ఆ పేరున్న ఆఫీసులోనే. బడి మాత్రం అక్కడా విడిగా చూసుకోవాలి, రెండు మూడు మునిసిపాలిటీలు కలిసి నడిపే రీజనల్ డిస్ట్రిక్ట్‌లు చాలా ఉన్నాయి. వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో రెండింటికీ కలిపి ఒకటే డిస్ట్రిక్ట్. మీ ఇంటి విషయంలో హెరిక్స్ రిజిస్ట్రార్ ఏమన్నారో, టౌన్ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఏం కనిపించిందో ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.